సెలైన్ చక్రం మీద నా వేలు

తొమ్మిదేళ్ళు ఒక అబద్ధాన్ని మోశాను. అందులో నోరు తెరిచి ఆడింది ఒక్క మాటే. మిగతాదంతా నోరు మూసుకుని ఆడిందే. మీరెవరో నాకు తెలియదు, అదీ మంచిదే. తెలిసినవాళ్ళయితే "పోనీలే, తెలియక చేసినావు" అంటారు. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. తెలియక చేయలేదు. వద్దని చెప్పాక చేశాను.

మా అక్కకు మెడ మీద, చంకల్లో గడ్డలు లేచాయి. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పరీక్షలు చేసి, రక్తకణాల నుంచి పుట్టిన క్యాన్సర్ అన్నారు. కీమోతో పాటు ఇంకో మందు కూడా ఎక్కించాలన్నారు. మొదటిరోజు బావకు పని పడి, పొద్దున అక్క వెంట నేను వెళ్ళాను. నాది గూడూరులో నిమ్మకాయల వ్యాపారం. ఆ సాయంత్రం లారీకి లోడు ఎత్తించాలి. నేను లేకపోయినా ఎత్తేవాళ్ళు. నేను లేకుండా ఏదీ జరగదని నా పొగరు.

ఆ నర్సుకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఎంతో ఓపిగ్గా చెప్పింది. రక్తంలో బి-కణాలని ఒక రకం ఉంటాయట. అక్క ఒంట్లో చెడింది అవే. వాటి పైన ఒక గుర్తు ఉంటుంది. ఈ మందు ఆ గుర్తును వెతికి పట్టుకుంటుంది, పట్టుబడిన కణాన్ని చాలావరకు మన ఒంట్లోని రక్షణ బలగమే చంపేస్తుంది. మొదటిసారి అవి ఒక్కసారిగా ఎక్కువ చస్తే ఒళ్ళు తట్టుకోలేదు. చలి, జ్వరం వస్తాయి, గొంతు బిగుస్తుంది, బీపీ పడిపోతుంది. అందుకే ముందు జ్వరం మాత్ర, అలర్జీ సూది ఇచ్చి, మందును చాలా మెల్లిగా మొదలుపెట్టి, అరగంటకోసారి బీపీ చూసి కొంచెం కొంచెం పెంచుతారు. సాయంత్రం దాకా పడుతుందని, చుక్కల వేగం మార్చే చక్రం ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పింది. తలూపాను.

మా ఊళ్ళో ఎండాకాలం సెలైన్ పెట్టించుకోని ఇల్లుండదు. తోటలో కాయలు కోసి సొమ్మసిల్లితే ఆర్ఎంపీ డాక్టరు వస్తాడు, గోడ మేకుకు సీసా తగిలిస్తాడు, సూది గుచ్చి తన దారిన పోతాడు. గొట్టానికుండే చిన్న చక్రాన్ని ఎక్కించడం, దించడం ఇంట్లోవాళ్ళ పని. ఆ పనిలో నేను మొనగాణ్ణని అందరూ పిలిచేవాళ్ళు. సీసాలో నీళ్ళలా ఉన్నదేదైనా నాకు సెలైనే. ఏడ్చినట్టే ఉంది నా తెలివి!

నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. చుక్క తరవాత చుక్క, మధ్యలో ఒక యుగం. లేచి చక్రం మీద వేలు పెట్టాను.

"ఒరే, తిప్పొద్దురా. మెల్లిగా పోవాలని ఆయమ్మ సెప్పింది గదా," అంది అక్క.

"ఏం గాదులేక్కా. ఊర్లో ఎన్ని సీసాలు ఎక్కించినాను! దీనికింత సోద్యమా?"

"నాకు బయంగా ఉండాదిరా."

"నేను ఈడే ఉండా గదా. కండ్లు మూసుకోని పడుకో."

కాసేపటికి మంచం గడగడలాడింది. అక్కకు పళ్ళు టకటకా కొట్టుకున్నాయి, ముఖం ఎర్రబడింది, గొంతు పట్టుకుంది. నేనేం చేశానో తెలుసా? కేక వేయడానికి ముందు చక్రాన్ని వెనక్కి తిప్పేశాను. అంత భయంలోనూ నా బుద్ధి నా తప్పు దాచడానికే పనిచేసింది. నర్సు పరిగెత్తుకొచ్చి మందు ఆపేసి, సీసా చూసి, ఇంత ఎలా దిగిపోయిందంది. నువ్వే సరిగ్గా పెట్టలేదని వార్డంతా వినబడేలా అరిచాను. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే అదే.

సాయంత్రానికి అక్క తేరుకుంది. బావ వచ్చి ఆ పిల్లను తిట్టని తిట్టు లేదు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అక్క నా వైపు ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది. చెప్పలేదు. చచ్చేదాకా చెప్పలేదు. ఎందుకు కాపాడావక్కా నన్ను? నిన్ను నువ్వు కాపాడుకోవాల్సినదానివి! నీ మీద కూడా నాకు కోపమే.

రెండు రోజుల తరవాత ఆ నర్సును తీసేశారని విన్నాను. ఆమె పేరేమిటో కూడా నేను అడగలేదు.

అక్కకు ఆ మందు ఇంకా మెల్లిగా మళ్ళీ మొదలుపెట్టవచ్చని డాక్టరు బతిమాలినంత పని చేశాడు. బావ ససేమిరా అన్నాడు. నేను నిజం చెప్పుంటే ఒప్పుకునేవాడు. ఒక్క కీమోతోనే నడిపారు. గడ్డలు తగ్గాయి, ఏడాదికి తిరిగొచ్చాయి, అక్క పోయింది. ఆ మందు పడుంటే బతికేదా? ఖచ్చితంగా చెప్పలేమని డాక్టర్లే అంటారు. ఆ 'చెప్పలేం' చాటున నేను ఇన్నేళ్ళు దాక్కున్నాను. బావ చుట్టాలందరికీ ఆ మందే చంపిందని చెప్పుకుంటూ తిరిగాడు. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగాను.

ఇప్పుడు అక్క కూతురికి కీళ్ళవాతం. వేళ్ళు వాచి, పొద్దున జడ కూడా వేసుకోలేకపోతోంది. మాత్రలకు లొంగలేదు. సొంత ఒంటినే శత్రువనుకుని కొట్టే రోగమట, అందులోనూ ఆ బి-కణాల చెయ్యి ఉందట. డాక్టరు రాసింది అదే మందు. చీటీలో పేరు చూసి, అమ్మను చంపిన మందు నాకొద్దని మడిచి పక్కన పెట్టేసింది. ఆ రోజు కూడా నేను నోరు తెరవలేదు. ఇంటికొచ్చి నా చెంప నేనే వాయించుకున్నాను. తల్లికి చేసింది చాలదా? బిడ్డ చేతులు కూడా కావాలా నాకు?

నిన్న వెళ్ళి తండ్రీకూతుళ్ళను కూర్చోబెట్టి అంతా చెప్పాను. బావ లేచి బయటికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ పిల్ల చాలాసేపు తన వేళ్ళనే చూసుకుంది. తరవాత, మందు వేయించుకుంటానంది. నేను మాత్రం ఆ గదిలోకి రాకూడదంది.

సరేనన్నాను. ఇందులో నొచ్చుకోవడానికేముంది? మందుకు ముందు డాక్టరు రాసిన రక్తపరీక్షల్లాగే అదీ ఒక జాగ్రత్త. క్షమించమని అడగలేదు, ఆమె క్షమించలేదు. చక్రం తిప్పింది నేనని ఆ ఇంట్లో ఇప్పుడు ఇద్దరికి తెలుసు, మీతో ముగ్గురు. సోమవారం ఆమెకు మందు ఎక్కిస్తారు. నేను గూడూరులోనే ఉంటాను.