నిద్ర సంగీతంలో పడిన అండాలు పాట

2019లో ఇబ్రహీంపట్నం బస్టాండుకు దగ్గర్లో, ఒక ఎరువుల దుకాణం మీది గదిలో నాకు చిన్న రికార్డింగ్ స్టూడియో ఉండేది. మాది తెనాలి వైపు. నాన్న ఉద్యోగం వల్ల హైదరాబాద్ శివారులో స్థిరపడ్డాం. పాట రికార్డు చేయడంతో నా పని తీరేది కాదు, దాన్ని ఫోన్లలో పాటలు వినే యాప్‌లకు చేర్చాలి. మామూలు మనుషులు నేరుగా పంపితే అవి తీసుకోవు. మధ్యలో డిస్ట్రిబ్యూటర్ అనే ఆన్‌లైన్ సంస్థ ఉంటుంది. దాని ఫారంలో పాడినవారి పేరు, భాష, పాట రకం నింపాలి. వీటినే మెటాడేటా అంటారు. ఎవరికీ తెలియని గాయని పాటను ఎవరికి వినిపించాలో యాప్ మొదట వీటిని బట్టే తేల్చుకుంటుంది.

ఆ ఎండాకాలం యాచారం వైపు నుంచి అండాలు అనే ఆవిడ వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. కలుపు తీసే ఆడవాళ్ల గుంపులో ముందుగా పాట అందుకునేది ఆవిడే. ఫ్యాక్టరీల కోసం సర్కారు తీసుకోవడంతో భూములు పోయాక ఆ గుంపు చెదిరిపోయింది. పోయిన పొలాల పేర్లన్నీ వరుసగా చెబుతూ ఆవిడ ఒక పాట కట్టింది. ఏ చెలకలో ఏం పండేదో, ఏ గట్టు మీద కూర్చుని సద్ది తినేవారో అన్నీ అందులో ఉన్నాయి.

"మావోళ్లు తలా ఓ దిక్కు పోయిండ్రు మేడం. నంబర్లు గూడ లెవ్వు. గీ పాట ఫోన్లల్ల తిరిగితే ఎవలకో ఒకలకు దొరుకుతది గద" అంది.

వెనక ఒక్క డప్పు పెట్టి పాడించాను. ఒక్క టేకులో అయిపోయింది. ఫారం ఐదు నిమిషాల్లో నింపేశాను. పేరు దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో 'అండాలు' అని కొట్టాను.

రెండు వారాల తర్వాత చూస్తే, పాట మొదలైన కొద్ది క్షణాలకే దాదాపు అందరూ స్కిప్ కొట్టేస్తున్నారు, అంటే తర్వాతి పాటకు పోతున్నారు. అలా జరిగితే యాప్ ఆ పాట ఎవరికీ నచ్చలేదనుకుని పక్కన పెట్టేస్తుంది. తవ్వితే తేలిందేమిటంటే, ఏదో దేశంలో ఒక కీబోర్డు కళాకారుడు అచ్చం అవే అక్షరాలతో పేరు పెట్టుకున్నాడు. నిద్రపట్టడానికి వినే మెత్తటి సంగీతం ఆయనది. యాప్ మా పాటను తీసుకెళ్లి ఆయన పేజీలో పెట్టి, ఆయన శ్రోతలకు వినిపిస్తోంది.

డిస్ట్రిబ్యూటర్‌కు మెయిల్ పెట్టాను. 'మీ సమస్య పరిష్కరించాం' అని జవాబొచ్చింది. ఏమీ మారలేదు. మళ్లీ పెట్టాను. మీ గాయని పేజీ లింకు పంపండి అన్నారు. ఆవిడకు పేజీ లేకపోవడమే కదా సమస్య! అదే రాశాను. మళ్లీ 'పరిష్కరించాం'. అటువైపు మనిషున్నాడో లేడో కూడా తెలియదు. మూడు నెలలు ఇదే తంతు.

ప్రతి సోమవారం అండాలు బస్సెక్కి వచ్చేది. "ఏమాయె మేడం?"

చివరికి ఒకరోజు ఉన్న సంగతి చెప్పాను. ఆవిడ నోరు తెరిచి చూసింది.

"నిద్రకు పండుకున్నోళ్ల చెవులల్ల డప్పు కొట్టిస్తున్నవా? తిట్టరా మరి?"

నాకు ఒళ్లు మండిపోయింది. "నేనేం చేయనండీ? ప్రపంచంలో ఇంకో అండాలు ఉంటాడని నేను కలగన్నానా?"

"ప్రపంచమెందుకు? మా ఊర్లనే ముగ్గురం ఉన్నం."

"మరి ఊళ్లో మిమ్మల్ని ఎలా పోల్చుకుంటారు?"

"నన్ను బొంగురు అండాలు అంటరు."

"అది వెక్కిరింపు కదండీ?"

"వెక్కిరింపేంది? నా గొంతు గట్లనే ఉంటది. మావోళ్లకు గా పేరే ఎరుక. నువ్వు అడిగితే గద చెప్తా!"

నిజమే, నేను అడగలేదు. ఫారం మళ్లీ తెరిచి చూస్తే సిగ్గేసింది. పాట రకం దగ్గర జానపదం ఎంచుకోవడం కూడా మరిచిపోయాను. పాత పాటను తీయించి, 'బొంగురు అండాలు' పేరుతో, సరైన వివరాలతో మళ్లీ పంపాను. వారంలో ఆవిడకంటూ ఒక పేజీ వచ్చింది.

పాత గుంపులో ఇద్దరు కొంగరకలాన్ దగ్గర క్యాంటీన్‌లో పనిచేస్తున్నారని తెలిసి, అండాలు వెళ్లి వాళ్ల ఫోన్లలో పెట్టించింది. వాళ్లు, వాళ్ల తోటివాళ్లు చివరిదాకా విన్నారు, మళ్లీ మళ్లీ విన్నారు. యాప్‌కు అదే ఆధారం. మెల్లగా జానపదాలు వినే మిగతావాళ్లకూ ఆ పాటను అందించడం మొదలుపెట్టింది.

దసరా దాటాక కందుకూరు నుంచి ఒకావిడ స్టూడియోకు ఫోన్ చేసింది. వేరే పాట అయిపోగానే ఇది దానంతటదే వచ్చిందట. పాట వివరాల్లో మా స్టూడియో పేరు చూసి, నంబరు వెతికించుకుంది. "గిది పాడింది మా బొంగురు అండాలేనా?" అంటూ ఏడ్చేసింది. అండాలు నంబరిచ్చాను.

మర్నాడు అండాలు ఫోన్ చేసింది. "పిట్టల చెలక పేరు మర్సిపోయినవేందే అని గంటసేపు తిట్టింది మేడం!" అంటూ ఒకటే నవ్వు.

మూడు నెలలు నేను యాప్‌ను తిట్టని రోజు లేదు. దానికి అండాలు ఎవరో చెప్పాల్సింది నేను, తెలుసుకోకుండానే చెప్పాను. ఇప్పుడు పాట పట్టుకుని ఎవరొచ్చినా, మైకు ముందు నిలబెట్టకముందే కూర్చోబెట్టి, మీవాళ్లు మిమ్మల్ని ఏమని పిలుస్తారని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.