బూడిదతో తోమిన పరీక్షనాళిక

1968లో నేను శ్రీకాకుళంలోని ఒక డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్ర విభాగంలో డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. డిమాన్‌స్ట్రేటర్ అంటే లెక్చరర్‌కి ఒక మెట్టు కింద, అటెండర్‌కి ఒక మెట్టు పైన. పాఠం చెప్పే హక్కు లేదు గానీ, ప్రయోగశాలలో ఏది పగిలినా సంజాయిషీ మాత్రం నేనే ఇచ్చుకోవాలి. ఆ చలికాలం విజయనగరంలో కళాశాలల మధ్య ప్రయోగ పోటీ పెట్టారు. అంశం సమతాస్థితి. జట్టుకి ఇద్దరు. వాళ్లను తయారుచేసే పని మా హెడ్ నాకు అప్పగించారు.

నేను ఎంచినవాళ్లలో ఒకడు చీపురుపల్లి కుర్రాడు రామ్మూర్తి. రెండో మనిషి పొందూరు అమ్మాయి సత్యవతి. తండ్రి లేడు, మేనమామ చదివిస్తున్నాడు. రెండో ఏడుతో చాలించమన్న ఆయనే, పోటీలో బహుమతి తెస్తే మూడో ఏడు కూడా చదివిస్తానని మాటిచ్చాడు. ఆ మాట పట్టుకుని ఆ పిల్ల ప్రయోగశాల వదిలేది కాదు.

ప్రయోగం చూడ్డానికి తేలికే. పొటాషియం డైక్రోమేట్ ద్రావణం నారింజ రంగులో ఉంటుంది. క్షారం కలిపితే పసుపు, ఆమ్లం కలిపితే మళ్లీ నారింజ. ఈ రెండు రూపాలూ ఒకదానిలోకి ఒకటి మారుతూనే ఉంటాయి, అదే సమతాస్థితి. ఎటు మొగ్గితే ఆ రంగు కంటికి కనబడుతుంది.

హెడ్‌గారి ఎదుట నమూనా ప్రదర్శన పెట్టాం. సత్యవతి పరీక్షనాళికలో ద్రావణం పోసింది. ఇంకేమీ కలపకముందే అది పసుపైపోయింది. ఓపికకీ మా హెడ్‌గారికీ ఆమడ దూరం. ద్రావణం కలపడం కూడా రానివాళ్లు పోటీకెందుకని, ఆమె బదులు ఇంకొకరిని పంపమన్నారు. నాకు ఒళ్లు మండింది. అయితే డిమాన్‌స్ట్రేటర్ కోపాన్ని పట్టించుకునేదెవరు?

సత్యవతి ఏడవలేదు. నాళికను వెలుతురుకి ఎత్తి చూసి, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలు వేసింది. అడుగునుంచి సన్నగా బుడగలు లేచాయి, నారింజ రంగు తిరిగొచ్చింది.

"మాస్టారూ, బూడిదండి ఇది. బ్రష్షు అరిగిపోనాదని పొద్దున్న బూడిదేసి తోమినాను, ఇంటికాడ గిన్నెల్లాగ. నీళ్లతో సరిగ్గా తొలవనేదు" అంది.

బూడిదలో ఉండేది కార్బొనేటు, అంటే క్షారమే. అదే రంగు మార్చింది, ఆమ్లం తగలగానే బుడగలై పోయింది. హెడ్‌గారు పోటీలోనూ ఆమెనే ఇది చేసి చూపించమని చెప్పి లేచారు. నాకు గెలిచినంత సంతోషమైంది.

విజయనగరంలో మావాళ్లిద్దరూ కావాలనే ఒక నాళికలో చిటికెడు బూడిద వేసి చూపించారు. రంగు మారడం ఆగిందంటే చర్య ఆగినట్టేనా అని పరీక్షకుడు అడిగాడు. రామ్మూర్తి పైకప్పు చూశాడు.

"ఆగదండి. ఇటేపు ఎంత ఎల్తాదో అటేపునుంచి అంతే వస్తాది. అందుకే మనకి అవుపడదు" అంది సత్యవతి.

ఆ యాసకి వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పరీక్షకుడు మాత్రం నవ్వకుండా మార్కులు వేసుకున్నాడు. మాకు రెండో బహుమతి వచ్చింది.

మేనమామ స్వయంగా కళాశాలకి వచ్చాడు. "మాటిచ్చినాక తప్పుతానేటండి? సదూకోనీండి" అన్నాడు.

ఆ తర్వాత నా ఉద్యోగకాలమంతా ఒక పద్ధతి పాటించాను. ప్రయోగం చెడితే పారబోయనిచ్చేవాణ్ని కాదు. ఎందుకు చెడిందో విద్యార్థి చేత చెప్పించాకే మార్కులు వేసేవాణ్ని. చాలామంది ఆ జవాబుతోనే గట్టెక్కారు.