కుప్పం నైట్ హాల్టులో ఆడోళ్ల గది

మా కండక్టరమ్మ మంగళవారం పొద్దున మదనపల్లెలో నిద్రలోనే కన్నుమూశారు. "అమ్మ ఏమీ కష్టపడల్యా మామా" అని కూతురు ఫోనులో చెప్పింది. నాకు ఏడుపొచ్చింది, కొంచెం నెమ్మదీ కలిగింది. చాలా ఏళ్లు ఒకే బస్సు మాది. నేను డ్రైవరు, ఆవిడ కండక్టరు. నేను అక్కా అనేవాణ్ని.

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయేవాళ్లం. మా వైపు ఎవరిని పిలవాలన్నా ముందు నోటికొచ్చేది 'అప్పా'. ఆవిడ కొత్తగా చేరిన రోజుల్లో పుంగనూరులో పాలక్యాన్లతో ఎక్కిన పెద్దాయన ఒకడు, చీర మీద ఖాకీ కోటు ఎదురుగా కనిపిస్తున్నా, "కండక్టరప్పా, టికెట్టు ఇయ్యప్పా" అన్నాడు.

"ఈ బస్సులో అప్ప లేడు, అమ్మ ఉండాది. అట్ల పిలువు, ఇస్తా."

బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వి, "ఇయ్యి తల్లీ" అన్నాడు. ఆ దారిలో అందరి నోటా అమ్మా అనిపించేదాకా ఆవిడ వదల్లేదు. చెప్పొద్దూ, గడుసు మనిషి.

మధ్యాహ్నం సంగటి ముద్దలో సగం నాకు పెట్టేవారు. నంజుకునే ఊరిబిండి పచ్చడి కారంగా ఉందంటే, "నీళ్లు తాగప్పా, బండి బాగా తోలతావు" అనేవారు.

ఆవిడకు ఒకటే పట్టుదల, కంట్రోలరు కావాలని. బస్టాండులో కూర్చుని బస్సులను పంపే ఉద్యోగం అది. సీనియారిటీ ఉంది, పరీక్షా పాసయ్యారు. అయినా పై అధికారి తల అడ్డంగా ఊపాడు. "నైట్ హాల్టు చేయనిదే ప్రమోషన్ రాదమ్మా. కుప్పంలో ఆడవాళ్లు పడుకోవడానికి గది లేదు కదా."

"గది లేకపోతే గది కట్టాల సార్. నన్ను యాల నిలబెడతారు?"

గది కట్టలేదు. కుప్పం బస్టాండులోనే పాత టైర్లు పడేసిన కొట్టు ఒకటి ఉంటే, వెంటపడి అడిగి తీసుకున్నారు. ఇద్దరం టైర్లు బయటికి దొర్లించాం. ఆవిడే సున్నం కొట్టారు, తలుపుకు గడియ పెట్టించారు. తొలి రాత్రి బయట కాపలా ఉంటానంటే నన్నే కసురుకున్నారు. "పోయి పడుకోప్పా, పొద్దున బండి తోలాల."

కొన్నాళ్లకు పుంగనూరు బస్టాండులో ఆ కుర్చీ ఆవిడదే అయింది. "కుప్పం బస్సు కదల్తాండాది, ఎక్కండమ్మా, ఎక్కండప్పా" అని మైకులో ఆవిడ గొంతు వింటే ప్రమోషన్ నాకే వచ్చినంత సంబరం.

సమాధి చేసిన మర్నాడు ఉండబట్టలేక కుప్పం వెళ్లాను. కొట్టు గుమ్మం ముందు నాలుగైదు జతల ఆడవాళ్ల చెప్పులున్నాయి. నిలబడి చూస్తుంటే తల తుడుచుకుంటూ ఒక పడుచు పిల్ల బయటికొచ్చింది.

"యాడికి పెద్దాయనా? ఇది ఆడోళ్ల గది. మొగోళ్లది ఆ పక్కన."

ఎప్పటినుంచో ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది. "సరే తల్లీ" అని పక్కకు జరిగాను. తాడు మీద ఆరిన ఖాకీ కోటు తీసి ఒకసారి దులిపి, వేసుకుంటూనే తన బస్సు వైపు నడిచింది.