శ్యామ్ బాబు గారి ఆఖరి లైను

శ్యామ్ బాబు గారు ఎవరికీ ఏ వస్తువూ వస్తువుగా ఇవ్వరు. దాన్ని మొదటి నుంచీ ఎలా తయారు చేసుకోవాలో చెప్పి పంపిస్తారు. అదీ ఆయన జబ్బు. దానికి రాజోలులో ఏ డాక్టరు దగ్గరా మందు దొరకలేదు.

పక్కింటావిడ ఓసారి గిన్నె పట్టుకొచ్చి కాస్త మాగాయ పెట్టమంది. వాళ్లావిడ జాడీ మూత తీసేలోపు ఈయన అడ్డం పడ్డారు. "ఉండండమ్మా. ముందు మీ ఇంట్లో జాడీ ఉందా? ఉంటే అందులో పాతది తీసెయ్యండి. ఇప్పుడు ఖాళీ జాడీ అయ్యింది కదా, ఇక కాయల సంగతికొద్దాం" అని మొదలుపెట్టారు. కాయలు ఎండబెట్టే దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఇంట్లో అన్నం చల్లారిపోయింది. వాళ్లాయన మజ్జిగ పోసుకుని తినేసి పడుకున్నాడు.

మేనల్లుడి పెళ్లికి టేకు మంచం చేయించారు. దాన్ని విప్పించి, మూటలు కట్టించి, మూటలకు వరస వేసి పంపారు. ముందు కోళ్లు, తర్వాత పట్టెలు, ఆ తర్వాత నవారు, దానిమీద పరుపు. పెళ్లికొడుకు ఫోన్ చేశాడు.

"మావయ్యా, ఇది మంచమా, కట్టెల అడితా?"

"వరస తప్పకురా అబ్బాయ్. పరుపు వేశాకే నువ్వు."

"వస్తువు పంపిస్తే దారిలో పగులుతుంది, తయారీ పంపిస్తే పగలడానికేముంది?" అని ఆయన వాదన. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చెబితే మళ్లీ మొదటి నుంచీ వివరిస్తారు.

ఇలాంటి మనిషికి సరిగ్గా సరిపోయే ఉద్యోగం ఒకటి రాజోలులోనే ఉండడం దైవఘటన. బస్టాండు వెనక మేడమీద, గల్ఫ్ వెళ్లినవాళ్ల కుటుంబాలన్నీ కలిసి పెట్టుకున్న సాయం ఆఫీసులో ఆయన కంప్యూటర్ చూస్తారు. కువైట్‌లో ఇళ్లలో పనికి వెళ్లిన మన ఆడవాళ్ల పేరు, ఊరు, అక్కడి ఇంటి జాడ, కష్టమేమైనా ఉంటే ఆ కష్టం, అన్నీ అందులో ఉంటాయి. వారం వారం ఆ వివరాలను కువైట్‌లోని తెలుగు వలంటీర్లకు పంపాలి. అక్కడ అందుకునేది పలివెల కుర్రాడు అనిల్ కుమార్. అతని కంప్యూటర్ ముసలిది. ఇక్కడి కొత్త డేటాబేసును మూటగట్టి పంపితే అది మూట విప్పుకోలేదు. కాబట్టి స్క్రిప్టు పంపాలి. స్క్రిప్టంటే మామూలు అక్షరాలే. ఈ పేరుతో టేబుల్, అంటే పట్టిక, ఉంటే తీసెయ్యి, కొత్త ఖాళీ టేబుల్ కట్టు, అని పైన నాలుగు మాటలు. కింద మనిషికో లైను చొప్పున లోపల నింపాల్సిన సరుకు. అవతలి కంప్యూటర్ అది చదువుకుంటూ, మొదటి నుంచీ తనే తయారు చేసుకుంటుంది.

"చూశారా, మాగాయ!" అంటారు శ్యామ్ బాబు గారు.

ఆ ఆఫీసులో కొత్తగా చేరిన ఆపరేటరు సుస్మితకు మాత్రం ఆ రోజు మాగాయ కబుర్లు వినే ఓపిక లేదు. వాళ్లమ్మ మేరీ కువైట్‌లో ఉంది. పనిచేసే ఇంట్లో బాధలు పడలేక బయటికి వచ్చేసింది. పాస్‌పోర్టు ఆ యజమాని బీరువాలోనే ఉండిపోయింది. ఎవరెవరి గదుల్లోనో తలదాచుకుంటోంది. ఉన్న ఫోనూ పోయింది. నెల పైగా సుస్మిత తల్లి గొంతు వినలేదు. ఇప్పుడు అక్కడి ప్రభుత్వం, కాగితాలు లేనివాళ్లు పేరు నమోదు చేసుకుంటే జరిమానా, జైలూ లేకుండా ఇంటికి పంపేస్తామంది. ఆ గడువు ఆ రోజుతో సరి. మన టైము నాలుగింటికి అక్కడి ఆఫీసు మూసేస్తారు. ఈలోపు స్క్రిప్టు చేరాలి, అనిల్ కుమార్ పేర్లు ఎక్కించాలి.

మధ్యాహ్నం రెండు దాటాక స్క్రిప్టు తయారైంది. సుస్మిత పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్లింది. తల్లి పేరు అట్టడుగున కనపడింది. దాని కింద ఇంకేమీ లేదు.

"మాస్టారూ, మా అమ్మ పేరు ఆఖర్న ఉందేంటండీ?"

"ఆయ్. అక్కడే ఉండాలమ్మా."

"కొంచెం పైకి పెట్టండి. మధ్యలో తెగితే ముందు పోయేది తోకే కదండీ!"

"ఆఖరి లైను చేరితే అన్నీ చేరినట్టేనమ్మా. కంగారుపడకు." అంతే, ఆయన కళ్లజోడు తుడుచుకోవడంలో పడ్డారు.

సుస్మితకు ఒళ్లు మండింది. ఎవరెవరో పైనుండగా సొంత ఆఫీసు పిల్ల తల్లి అడుక్కి పోవాలా? మనవాళ్లను ముందు పెట్టుకున్నామని ఊళ్లో అంటారని మొహమాటం కాబోలు. మొహమాటానికి మా అమ్మే దొరికిందా అనుకుంది. పెద్దాయన కాబట్టి పైకి అనలేక పళ్లు కొరుక్కుంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్లో డీజిలు లేదు. శ్యామ్ బాబు గారు ఖాళీ క్యాను పట్టుకుని మెట్లు దిగారు. కంప్యూటర్ యూపీఎస్ మీద కీచుమంటోంది. వరండాలో కుటుంబాలవాళ్లు పోగయ్యారు. "మా చిన్నమ్మలు పేరు వెళ్లిందా అమ్మా?" అని ఒకరు, "మా వదిన ఊరు సరిగ్గా రాశారా?" అని ఒకరు. వాళ్లకు జవాబు చెప్పడానికి సుస్మిత బయటికి వచ్చింది. లోపల కంప్యూటర్ దగ్గర కోశాధికారి లోవరాజు గారు మిగిలారు.

లోవరాజు గారు మంచివారు. వచ్చిన చిక్కల్లా ఆయన శుభ్రత. గుమ్మంలో చెప్పులు వంకరగా ఉంటే ఆయనకు మాట పెగలదు. ఒక అక్షరాన్ని వెతికి అన్నిచోట్లా ఒకేసారి తీసెయ్యడం ఎలాగో ఈ మధ్యే సుస్మిత దగ్గర నేర్చుకుని, ఆ విద్య ఎవరిమీద ప్రయోగిద్దామా అని చూస్తున్నారు.

సుస్మిత లోపలికి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"పంపించేశానమ్మా! నువ్వు వచ్చేదాకా ఎందుకని, నేనే నొక్కేశాను."

సుస్మిత గుండె కుదుటపడింది. అనిల్ కుమార్‌కు ఫోన్ చేసింది. అవతల పెద్ద గోల, వందమంది ఒకేసారి మాట్లాడుతున్నట్టు.

"వచ్చిందండి. కంప్యూటర్లో ఎక్కించేశాను కూడానండి."

"ఆఖరి లైను చదవండి."

"ఆయ్, చదువుతున్నానండి. క్వశ్చన్ మార్కు, క్వశ్చన్ మార్కు, క్వశ్చన్ మార్కు..."

"అదేంటండీ?"

"పేరండి. ఊరు కూడా క్వశ్చన్ మార్కులేనండి. పైన అందరూ అంతేనండి. పాస్‌పోర్టు నంబర్లా, సగంమందికి లేవు. ఇక్కడ హాలు నిండా ఆడవాళ్లు కూచున్నారు మేడం. నేనెవర్ని పిలవమంటారు? క్వశ్చన్ మార్కు గారూ రండి అనమంటారా?"

పాత టేబుల్ తీసెయ్యమని స్క్రిప్టులో మొదటి మాటే ఉంది. ఆ కంప్యూటర్ బుద్ధిగా తీసేసింది. పోయిన వారం పేర్లూ పోయాయి, ఈ వారం పేర్లూ రాలేదు.

శ్యామ్ బాబు గారు డీజిలు క్యానుతో రొప్పుతూ వచ్చారు. సంగతి విని స్క్రీను మీదికి వంగారు. ఒక్క లైను చూశారో లేదో నిటారుగా లేచారు.

"ఎన్‌లు ఏవీ?"

ఆయన వేలు స్క్రీను మీద పైనుంచి కిందికి జరిగింది.

"ప్రతి పేరు ముందూ ఇంగ్లీషు ఎన్ ఉండాలి. ఏదీ?"

లోవరాజు గారు గొంతు సవరించుకున్నారు. "నేనే తీసేశానండి. తప్పులు కదండీ అవి? నేలపూడి మేరీ అంటే సరే, ఇంటిపేరు ఎన్‌తో వస్తుంది, ఒప్పుకుంటాను. బొంతువారికి ఎన్ ఏంటండీ? గెడ్డంవారికి ఎన్ ఏంటండీ? మా పితానివాళ్ల కోడలికి కూడా ఎన్ పెట్టేశారు! రేపు కువైటోళ్లు చూస్తే, కోనసీమంతా ఒకే ఇంటిపేరనుకోరూ? పరువు పోతుందని పేర్ల ముందు, ఊళ్ల ముందు ఉన్నవన్నీ తుడిచేశాను."

"అది ఇంటిపేరు కాదండీ బాబూ! ఇది తెలుగు, జాగ్రత్తగా దింపుకో అని మిషనుకి చెప్పే గుర్తు. అది లేకపోతే మన అక్షరం దానికి అర్థం కాక, ప్రశ్న గుర్తు వేసి ఊరుకుంటుంది."

"అయ్యబాబోయ్" అని లోవరాజు గారు కుర్చీలో కూలబడ్డారు. "మరి ఆ ముక్క ఆ ఎన్ పక్కన రాయొచ్చు కదండీ."

యూపీఎస్ ఆఖరిసారి కీచుమని కంప్యూటర్ ఆరిపోయింది.

అప్పటికి మూడు దాటింది. జనరేటరు తాడు లాగే పని లోవరాజు గారు మీద వేసుకున్నారు. ఒక లాగు, దగ్గు. ఇంకో లాగు, ఇంకో దగ్గు. తెల్లచొక్కా మసిబారిపోయింది. చెప్పులు వంకర తిరిగినా ఆయన పట్టించుకోలేదు. వరండాలోవాళ్లు కూడా వచ్చి పట్టుకుంటే అది ఎట్టకేలకు గర్జించింది.

అసలు డేటాబేసు ఇక్కడ భద్రంగానే ఉంది. స్క్రిప్టు మళ్లీ తియ్యాలి, అంతే. కానీ శ్యామ్ బాబు గారు శ్యామ్ బాబు గారే కదా!

"ముందు టేబుల్. వచ్చిందా? చదువు. ఇప్పుడు లోపలి సరుకు. మొదటి లైను చదువు. ఎన్ ఉందా?"

"ఉందండీ! టైమైపోతోంది మాస్టారూ, పంపేద్దాం!"

"రెండో లైను చదువమ్మా."

"మా అమ్మ ఆఖర్న ఉందండీ!" అని సుస్మిత అరిచేసింది. ఆఫీసులో ఎవరిమీదా గొంతెత్తని పిల్ల. "మీకు అందరూ వరసేనండీ, నాకున్నది ఒక్కత్తే! ఆవిణ్ణి అట్టడుక్కి తోసేసి, తీరిగ్గా లైన్లు చదివిస్తారేంటండీ?"

శ్యామ్ బాబు గారు చిన్నబుచ్చుకోలేదు. "సరేనమ్మా, పంపించు" అన్నారు మెల్లిగా. "నువ్వే నొక్కు."

ఫైలు సాగుతోంది. ఫోన్లో నెట్టు ఒక గీత ఉంటుంది, ఒక గీత పోతుంది. లోవరాజు గారు దాన్ని కిటికీలోంచి బయటికి చాపి పట్టుకున్నారు. సుస్మిత లోలోపల ప్రార్థన చేసుకుంటోంది. మాటలు తప్పుతున్నాయి. వెళ్లింది. ఇంకా పది నిమిషాలుంది.

శ్యామ్ బాబు గారు తనే ఫోన్ అందుకుని స్పీకర్లో పెట్టారు. "అనిల్ బాబూ, ఎక్కించావా?"

"ఎక్కించేనండి. తప్పుందని ఎర్రగా ఏమీ రాలేదండి."

"ఆఖరి లైను చదువు. గట్టిగా చదవాలి బాబూ, నాకు వినపడదు."

శ్యామ్ బాబు గారి చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. కింద బస్టాండులో అమలాపురం బస్సు కండక్టరు కేక వేస్తే మేడమీంచి సీటు ఉందో లేదో చెప్పగలరు. కానీ ఆ సంగతి అప్పుడు సుస్మితకు తట్టలేదు.

అనిల్ కుమార్ ఆ గోలలో గొంతు చించుకున్నాడు. "నేలపూడి మేరీ! ఊరు శివకోడు! నేలపూడి మేరీ అండీ!"

ఫోన్లో గోల ఒక్క క్షణం తగ్గింది. ఎక్కడో దూరంగా, హాలు చివర్నుంచి కాబోలు, అలవాటైన గొంతు ఒకటి వినపడింది.

"ఆయ్! నేనేనండీ! ఇక్కడున్నానండీ!"

సుస్మిత బల్ల పట్టుకుంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి, ఏది ముందో తెలియలేదు. "అమ్మా!" అని అరిచింది. అవతల కుర్చీలు జరిగాయి, ఎవరినో తప్పుకోమన్నారు, ఫోన్ చేతులు మారింది.

"ఎవరే, సుస్మీ? నా పేరు పిలిచేరే! ఇంతమందిలో నా పేరు పిలిచేరు! నువ్వు అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా" అని అబద్ధం చెప్పింది సుస్మిత.

అనిల్ కుమార్ ఫోన్ లాక్కున్నాడు. "మేడం, ఈవిడ ఎదురుగానే ఉన్నారు కాబట్టి ముందు ఈవిడ కాయితాలే పెట్టేస్తున్నాను. మిగతావాళ్లని పైనుంచి వరసగా పిలుస్తాను. గేటు లోపల ఉన్నవాళ్లందరివీ తీసుకుంటామని ఆఫీసరు చెప్పేడండి, భయం లేదు." చెప్పినట్టే అక్కడున్నవాళ్లందరి పేర్లూ ఎక్కాయి. పితానివాళ్ల కోడలిది కూడా.

సుస్మిత కళ్లు తుడుచుకుని పెద్దాయన వైపు తిరిగింది. "ఆఖర్న ఎందుకు పెట్టేరండీ?"

ఆయన నేరం బయటపడ్డవాడిలా కళ్లజోడు తీశారు. "పైన లైన్లన్నీ మిషను చదువుకుంటుందమ్మా. ఆఖరి లైను చేరిందో లేదో చూడ్డానికి మనిషి చదవాలి. ఆ ఒక్క పేరే నోరారా పిలుస్తారు. అందుకని ఏ వారానికి ఆ వారం, ఎవరి కబురు తెలిసి చాలా రోజులైందో వాళ్లని అక్కడ పెడుతుంటాను. పిలుపు వినపడితే ఎవరో ఒకరు, ఆవిణ్ణి చూశామనో, ఫలానా చోట ఉందనో చెబుతారు. ఇవాళ ఏకంగా ఆవిడే పలికేరు."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదండీ!"

"చెబుదామనే అనుకున్నాను. మొదటి నుంచీ చెప్పాలి కదా, టైము లేదు."

సుస్మిత ఆయన కాళ్లకు దణ్ణం పెట్టబోతే, చెవుడు ఉన్నట్టు నటించి కిటికీ దగ్గరికి వెళ్లిపోయారు. లోవరాజు గారు మసి చేతులు చొక్కాకే తుడుచుకుని, ఆయన వెనకే వెళ్లి గొంతు తగ్గించారు. "మాస్టారూ, మా మేనకోడలి దగ్గర్నుంచి పండక్కి కూడా ఫోన్ లేదండి. వచ్చే వారం కాస్త ఆఖర్న పెట్టాలి."

ఆయన గొంతు తగ్గించినా వరండాలోకి వినపడనే వినపడింది. "అదేంటండీ, మా చిన్నమ్మలు మీకంటే ముందు నుంచీ కబురు లేకుండా ఉంది!" అని ఒకావిడ లేచింది. "మా వదిన సంగతేంటి?" అని ఇంకొకావిడ. ఎవరి పేరు పైన రావాలని రాజోలులో ఎన్నో తగువులు జరిగాయి. నాదంటే నాది ఆఖరంటూ జనం తోసుకోవడం మాత్రం అదే మొదలు.