రెండు వంటిళ్ళ ఇల్లు

బందరులో మా ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు ప్రకటన నేనే రాశాను. కొత్తగా బాగుచేయించిన ఇల్లు, రెండు పోర్షన్లు, రెండు వంటిళ్ళు, రెండు గుమ్మాలు, కలిసి ఉంటూనే విడిగా ఉండొచ్చు అని. ఆ చివరి మాట చదివి మా అమ్మ మూతి తిప్పింది. విడిగా ఉండాలనుకున్నది తను కాదుగా మరి.

మాది చేపల వ్యాపారం చేసిన కుటుంబం. నాన్న చెల్లెలు, అంటే మా మేనత్త, భర్త పోయాక మా దగ్గరికే వచ్చేసింది. కొన్నేళ్ళకి ఒక గురువుగారి దగ్గర మంత్రం తీసుకుని చేప మానేసింది. మానేసి ఊరుకుంటే బాగుండేది. మా గిన్నెలు ముట్టుకోనంది, మా పొయ్యి మీద వండుకోనంది. నాన్న కూడా పోయాక ఆ గొడవ పడలేక ఇంటి మధ్యలో గోడ లేపించి, అత్తకి వేరే వంటిల్లు కట్టించాను. గోడ తడి ఆరకముందే "వదినా, ఇటు వాసనొస్తోంది" అని మొదలుపెట్టింది. రోజూ అదే గోల. నాకు ఒళ్ళు మండేది. అయినా ఆవిడంటే నాకు ప్రాణం, నన్ను సగం పెంచింది ఆవిడే.

నా ఉద్యోగం విజయవాడలో. వారం వారం బందరు తిరగలేక భవానీపురంలో ఫ్లాట్ కొన్నాను. అందులో వంటిల్లు ఒకటే. అమ్మ సరేనంది. అత్త మాత్రం "నాకు కంకిపాడులో ఓ చిన్న గది చూసిపెట్టవే, నా వంట నేను చేసుకుంటా" అంది. అక్కడ ఆవిడతోపాటు మంత్రం తీసుకున్నవాళ్ళు ఒకరిద్దరున్నారు, అంతే. ఎంత బతిమాలినా వినలేదు. ఇల్లు అమ్ముడుపోయిన రోజున ఆవిడ మాకు దూరమైపోతుందని నాకు దిగులు పట్టుకుంది.

ఒక ఆదివారం ఇల్లు చూడ్డానికి భార్యాభర్తలు వచ్చారు. ఆ పూట చేపలు వండొద్దని బ్రోకరు ముందురోజే అమ్మకి చెప్పాడు. ఆదివారంపూట అమ్మ ఉత్త పప్పుచారు కాయడం నేనెప్పుడూ చూళ్ళేదు. మొహం గంటుపెట్టుకునే కాచింది.

వచ్చినాయన అత్త వంటింట్లో నిలబడి ఆవిడనే అడిగాడు. "మా అమ్మగారు నీచు తినరండీ. మేం అటువైపు వండుకుంటే ఇటు వాసన రాదు కదండీ?"

"రాకుండా ఎలా ఉంటుందండీ," అంది అత్త. "మా వదిన పులుసు పెడితే చింతపండు ఎక్కువైందో తక్కువైందో ఇక్కణ్ణుంచే చెప్తాను."

బ్రోకరు నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఫోన్ చేస్తామని చెప్పి వెళ్ళినవాళ్ళు మళ్ళీ చేయలేదు.

"అబద్ధం చెప్పమనలేదు గానీ అత్తా, చింతపండు దాకా వెళ్ళాలా?" అని విసుక్కున్నాను. ఆవిడ తన గుమ్మం దిగి, చుట్టూ తిరిగొచ్చి మా గుమ్మం ఎక్కింది. గోడ కట్టాక ఆవిడ అమ్మ వంటింట్లో అడుగుపెట్టడం అదే మొదలు. గిన్నె మీద మూత తీసి పప్పుచారు చూసింది.

"పొద్దున్నుంచీ వాసన లేదు వదినా," అంది. "నీకు ఒంట్లో బాలేదేమో, అసలు లేచావో లేదో తెలీక గోడకి చెవి పెట్టి విన్నాను."

అమ్మ గరిటె కింద పెట్టి ఆవిడకి పీట వాల్చింది.

అత్త నావైపు తిరిగింది. "ఆ ఫ్లాట్లో మీ పొయ్యి పక్కనే నాకో చిన్న పొయ్యి పెట్టించవే. కంకిపాడు వెళ్తే గోడకి అవతల ఎవరుంటారు నాకు?"