అమ్మ తినని మామిడికాయ

మా చిన్నప్పుడు... మామిడికాయ పండుగ చేసి గూడెం తల్లికి పెట్టే దాకా ఎవరూ కొత్త కాయ కొరికేవారు కాదు. భద్రాచలం అడవి అంచున ముప్పై ఇళ్ల గూడెం మాది. కాయలు నెత్తికి తగులుతుండేవి... చెయ్యెత్తితే అందేవి... అయినా తినకూడదు.

నేను తిన్నాను. తొమ్మిదేళ్లదాన్ని. పశువుల కొట్టం వెనక రాతితో పగలగొట్టి, ఉప్పు అద్దుకుని తిన్నాను. ముందే చెప్పేస్తున్నాను. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే నా కూతురి కూతురు సుజాత ఫోన్‌లో రాస్తోంది. ఒక్క మాట కూడా తీసెయ్యొద్దని గట్టిగా చెప్పాను.

అప్పుడు మా అమ్మ కన్నమ్మకు ఆరో నెల. చిగుళ్లు ఉబ్బి ఎర్రగా ఉండేవి. ముందు పళ్ల మధ్య చిగురు మీద రేగుపండంత గడ్డ లేచింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, నెత్తురు...

పండుగకు నాలుగు రోజుల ముందు కొట్టం వెనక పచ్చి టెంక నాయనమ్మ కంటబడింది. ఆమె ఇంకెవరినీ అడగలేదు. నేరుగా అమ్మ దగ్గరికి వచ్చింది.

"నోరు తెరువే."

అమ్మ తెరిచింది.

"గిదేంది మరి? తల్లికి పెట్టకముందే కాయ కొరికినవ్. గందుకే నోట్లె నెత్తురు పెట్టింది."

"నేను తినలే అత్తా."

"తినకపోతే నెత్తురు ఊకనే వస్తదా?"

పక్కనే మా మేనత్త ఉంది. నాయన చెల్లెలు, అప్పటికింకా పెళ్లి కాలేదు. "కడుపుతోని ఉన్నది గదనే అమ్మా, పులుపు మీదికి పాణం పోయింటది. ఒప్పుకుంటే అయిపాయె వదినా" అని నవ్వింది.

ఇరుగు పొరుగు వచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరూ అమ్మ నోరు తెరిపించి చూశారు. నా మూతి పక్కన సొన కాలిన మచ్చ ఎవరూ చూడలేదు... అమ్మ చూసింది. చూసి తల తిప్పుకుంది. నాకు దెబ్బలు పడతాయని ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు... నా భయం నాది.

చేసిన తప్పుకు దండుగ కింద కోడిని ఇచ్చారు. అది పోనీ. కాన్పయ్యే దాకా ఏ చెట్టునూ ముట్టుకోవద్దన్నారు. చెట్టును ముట్టకపోతే పందుంపుల్ల ఎక్కడిది? బొగ్గు వద్దు, బూడిద వద్దు, నెత్తురొచ్చే నోరు రుద్దొద్దు... నీళ్లు పుక్కిలించి ఊసెయ్యడమే. నేను దొంగతనంగా ఒక వేపపుల్ల తెచ్చి ఇస్తే అమ్మ తీసుకోలేదు. "ఇది గూడ దొరికితే నన్ను బతకనియ్యరు బిడ్డా" అంది. కాన్పయ్యాక బాలింత అని మళ్లీ అదే కట్టడి.

తమ్ముడు పుట్టాడు. కొన్నాళ్లకు ఆ గడ్డ తనంతట తానే కరిగిపోయింది. నాయనమ్మ అందరినీ పిలిచి మళ్లీ అమ్మ నోరు తెరిపించింది. "చూసిన్రా, తల్లి మన్నించింది" అంది. గడ్డ పోవడమే అమ్మ తప్పు చేసిందనడానికి సాక్ష్యమైంది...

గడ్డ పోయింది గానీ, పాచి పట్టిన చిగుళ్లు బాగుపడలేదు. ఒకదాని వెనక ఒకటి ముందు పళ్లు నాలుగూ ఊడిపోయాయి. అమ్మకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు.

నేను పెద్దమనిషినైనప్పుడు నా చిగుళ్లూ ఉబ్బాయి. నెలనెలా ఆ రోజుల ముందు పుల్లకు నెత్తురంటేది. నాయనమ్మ చూస్తే ఏమంటుందోనని ఉమ్మకుండా మింగేదాన్ని. ముట్టు ఆగిపోయాక నోరు ఎండడం మొదలైంది. జొన్నరొట్టె నమిలితే మంట. అదీ ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడాది సుజాతకు ఐదో నెలలో చిగురు మీద అదే గడ్డ లేచింది. పాల్వంచ బస్సెక్కించి పళ్ల డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోయాను. చిన్న పిల్ల ఆ డాక్టరమ్మ.

"భయం లేదు అమ్మమ్మా. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్ల హార్మోన్లు మారతయ్. చిగుళ్లు ఉబ్బుతయ్, కొందరికి గిట్ల గడ్డ లేస్తది. కాన్పయినంక చాలామందికి దానంతటదే తగ్గుతది."

"ఏమన్న తినరానిది తింటే వస్తదా?"

"తింటే రాదు. తోముకోకపోతే ఎక్కువైతది. మెత్తటి బ్రష్షుతోని రెండు పూటలా తోమాలె."

"పెద్దమనిషైనప్పుడు ఉబ్బేది?"

"అదీ హార్మోన్లతోనే."

"ముట్టు ఆగినంక నోరు ఎండేది?"

"అవ్, అదీ గంతే. నీకున్నదా? నువ్వు గూడ కూసో, చూస్త."

నేను కూర్చోలేదు. బయటికి వచ్చి బెంచీ మీద కూలబడ్డాను. ఆ పిల్ల నాలుగు మాటల్లో చెప్పినదానికి మా అమ్మ పళ్లు పోయాయి, పేరు పోయింది. చచ్చేదాకా పండుగ నాడు ఆమెను కాయ కొయ్యనివ్వలేదు.

సుజాతకు కాన్పయింది. గడ్డ పోయింది. పళ్లన్నీ ఉన్నాయి.

ఈ ఏడు పండుగకు పుట్టిన గూడేనికి పోయాను. మేనత్తకు ఇప్పుడు ఎనభై దాటాయి. అందరి ముందూ చెప్పాను.

"గా కాయ తిన్నది నేను అత్తా. అమ్మ గడ్డ కాయ తింటే లేసింది గాదు, కడుపుతోని ఉంటే లేసింది."

మేనత్త వక్క నములుతూ, "ఇప్పుడెందుకే గా ముచ్చట. పోయినోళ్లు పోయిన్రు" అంది.

"ఊకనే పోలే. దొంగ పేరు మోసుకుంట పోయింది."

ఒకామె కాయ ముక్క నా చేతిలో పెట్టింది. తినబుద్ధి కాలేదు. గూడెం తల్లి మీద నాకు కోపం లేదు... ఆమె ఏ కోడలి నోరూ తెరిపించమనలేదు.

అందుకే ఇక్కడ రాయిస్తున్నాను. గూడెం వినకపోతే మీరైనా వినండి. మా అమ్మ కన్నమ్మ ఆ కాయ తినలేదు.

మీ అమ్మలకు, అమ్మమ్మలకు పళ్లు ఎప్పుడు పోయాయో, అప్పుడు ఇంట్లోవాళ్లు ఏమన్నారో తెలిస్తే కింద రాయండి. సుజాత చదివి వినిపిస్తుంది. ఇప్పుడు నోట్లో నెత్తురొస్తే కుర్చీలో పడుకోబెట్టి, లైటు వేసి, జబ్బేమిటా అని చూస్తున్నారు... మా అమ్మ నోట్లోకి గూడెం గూడెమంతా చూసింది, ఒక్కరూ అలా చూడలేదు.