దిగి జరుపుకోని మనిషి

మా ఆయన్ని తోటి రంగుల పనివాళ్లు ‘నిచ్చెన’ అని పిలుస్తారు. వీళ్లు మడత నిచ్చెన పైన అటో కాలు ఇటో కాలు వేసుకుని, కిందికి దిగకుండా, నడుముతో ఊపుతూ దాన్నే నడిపించుకుంటూ గోడ చివరిదాకా పోతారు. దిగి జరుపుకునేవాణ్ని పనివాడనరు. ఒకనాడు ఆయన మూల మలుపు తిప్పుతుంటే, నేల మీద పరిచిన ప్లాస్టిక్ షీటు మీద నిచ్చెన జారింది. మనిషి కింద, కాలు మెట్ల మధ్య. మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టే లిగమెంటు పూర్తిగా తెగింది.

డాక్టరు అదే కాలి తొడ వెనక నుంచి నరం లాంటిది తీసి, మోకాలి ఎముకల్లో రంధ్రాలు చేసి, దాన్ని దూర్చి స్క్రూలు బిగించారు. తొమ్మిది నెలలు నిచ్చెన ఎక్కొద్దన్నారు. ఎక్సర్‌సైజులు నేర్పే అమ్మాయి అయితే మరీ మరీ చెప్పింది.

“నొప్పి ముందే పోతుందండీ. లోపల అతకడానికి మాత్రం చాలా టైం పడుతుంది. బాగుందనిపించినప్పుడే జాగ్రత్త.”

నాకు అర్థమైంది. ఆయన బుర్రకెక్కలేదు.

ఎక్సర్‌సైజులు మాత్రం బుద్ధిగా చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. మోకాలి కింద తువ్వాలు పెట్టి నొక్కమంటే, కళ్లనీళ్లు పెట్టుకుంటూనే నొక్కేవారు. మూడో నెలకి కుంటు పోయింది. ఇక చూడాలి ఆ మిడిసిపాటు! ఊరికే చూసొస్తానంటూ పనిచోటుకి బయల్దేరారు. నమ్మకం లేక నేనూ వెంటపడ్డాను.

అక్కడ మా మరిది ఉన్నాడు. అన్న మంచాన పడగానే మేస్త్రీ అయి కూర్చున్న ఘనుడు. నిచ్చెన నడపడం రాక ప్రతిసారీ దిగి జరుపుకుంటున్నాడు. అది చూసి మా ఆయన నవ్వారు. వాడికి ఒళ్లు మండింది.

“ఏం నవ్వుతావ్ అన్నయ్యా? నువ్విక కింద కూర్చుని గేట్లకి రంగేసుకోవాల్సిందే. పైపని నీవల్ల కాదు.”

“కాదా?”

“ఏదీ, ఎక్కు చూద్దాం!”

ఎక్కేశారు.

“మతి పోయిందా మీకు? దిగండి!” అని అరిచాను. వింటేగా! హాలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిపించారు. పనివాళ్లు ఈలలు వేశారు. ఆయన మొహం ఎంత వెలిగిపోయిందో, నాకు చెంప పగలగొట్టాలనిపించింది. మలుపు తిప్పినప్పుడు మోకాల్లో టప్పుమన్న చప్పుడు కింద ఉన్న నాక్కూడా వినబడింది. నిచ్చెనతో సహా పడ్డారు. తమ్ముడు ముందు చూసుకున్నది ఒలికిపోయిన రంగు డబ్బాని.

డాక్టరు స్కాన్ చూసి తల అడ్డంగా ఊపారు.

“వేసింది తెగిపోయింది. మళ్లీ చేయొచ్చు. ఈసారి రెండో కాలి నుంచి తీయాలి. మొదటిసారంత బాగా రాకపోవచ్చు.”

“చేసేయండి సార్. నేను మళ్లీ నిచ్చెనెక్కాలి,” అన్నారు మా ఆయన.

ఎక్కాలట! నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

“వద్దండీ డాక్టరుగారూ. ఉన్న మంచి కాలు అదొక్కటే. మేం ఇవ్వం.”

ఆయన నా చెయ్యి పట్టుకుని అందరి ముందూ బతిమాలారు. నేను విదిలించుకున్నాను.

“నడవడానికి అని అడగండి. ఇప్పుడే సరేనంటాను.”

 ఆయన ఆ మాట ఇప్పటికీ అనలేదు. నేనూ సరేననలేదు.